నూగు రాలిన చలికాలం

బస్సు డిపోలో అతన్ని అందరూ పీచు అనే పిలుస్తారు. పీచు డ్రైవరు. ఆరడుగుల మనిషి, గుమ్మం దాటాలంటే తల వంచాల్సిందే. ఆ తల మీద వెతికినా ఒక్క వెంట్రుక దొరకదు. కొత్తగా చేరిన కండక్టరు ఒకడు అలా పిలవలేక మొహమాటపడి, "బట్టతల మనిషిని పట్టుకుని పీచంటారేంటి సార్, మీరెలా ఊరుకుంటున్నారు?" అన్నాడు.

"మా అక్కనడుగు," అన్నాడు డ్రైవరు. "పుట్టినప్పుడు ఒళ్ళంతా పీచే ఉండేదని చెప్తుంది. నేనైతే నమ్మను."

నమ్మినా నమ్మకపోయినా జరిగింది జరిగిందే. కళ్ళారా చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆ అక్క ఒక్కతే. అరవై దాటినా వీధిలో ఆవిడ ఇంకా పెద్దమ్మాయే. మోకాళ్ళు అరిగేదాకా నాన్న బేకరీని తనే నడిపింది. ఇప్పుడక్కడ ఫోన్లు బాగుచేసే కొట్టుంది. దాని ముందునుంచి వెళ్ళినప్పుడల్లా, లోపల గాజు బల్లలున్న చోట ఆవిడ కంటికి బట్టీ కనిపిస్తుంది. బట్టీ పక్కన చెక్క అలమర, అలమరలో పిండి తొట్టి, తొట్టిలో తమ్ముడు.

ఆ చలికాలంలో పెద్దమ్మాయికి పదేళ్ళు. బేకరీ, ఇల్లు ఒకే కప్పు కింద ఉండేవి. ముందు గదిలో అమ్మకం, మధ్య గదిలో బట్టీ, వెనక రెండు గదుల్లో కాపురం. నాన్నని వీధిలో రొట్టెలాయన అనేవారు. మనిషి నిలువెత్తు, ఒళ్ళంతా వెంట్రుకలు, చొక్కా గుండీల సందుల్లోంచి కూడా బయటికి తొంగిచూసేవి. ముంజేతుల మీదవి మాత్రం బట్టీ సెగకి ఎప్పుడూ సగం మాడిపోయి ఉండేవి. గొంతు సంగతి చెప్పనక్కర్లేదు. "ఉప్పు అయిపోయింది" అని నాన్న లోపల్నుంచి అంటే వీధి చివర కిరాణా కొట్టువాడు పొట్లం కట్టేవాడు. "నా కడుపున ఎలుగుబంటి పుట్టింది, ఏం చెయ్యను" అని నాయనమ్మ అందరితో చెప్పుకునేది, పైకి విసుగ్గా, లోపల మురిసిపోతూ.

అమ్మకి ఏడో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. వీధిలోనే ఉండే నర్సమ్మని పెద్దమ్మాయి పరిగెత్తుకెళ్ళి పిలుచుకొచ్చింది. పొద్దు వాలకముందే కానుపయింది. అమ్మకి మాత్రం ఒళ్ళు కాలిపోయే జ్వరం పట్టుకుంది. కళ్ళు తెరిస్తే వెలుతురు గుచ్చుకుంటోందని ఆ గది కిటికీలు మూసేశారు. డాక్టరొచ్చి సూదిమందు ఇచ్చి, తల్లికి ప్రమాదం లేదు గానీ కోలుకోవడానికి చాలా రోజులు పడుతుందనీ, బిడ్డ సంగతి తను చెప్పలేననీ వెళ్ళిపోయాడు.

మగబిడ్డ. నాన్న ఒక్క అరచేతిలో సరిపోయాడు. ఏడుపు కూడా ఏడుపులా లేదు, తలుపు బందు కిర్రుమన్నట్టుంది.

"పెద్దాసుపత్రిలో వెచ్చని పెట్టె ఉంటుంది," అంది నర్సమ్మ. "కానీ ఈ చలిలో అంత దూరం తీసుకెళ్తే చేరేది మనం, వాడు కాదు." చుట్టూ చూసి, బట్టీ గది వైపు చెయ్యి చూపించింది. "ఈ ఊళ్ళో ఇంతకన్నా వెచ్చని గది ఇంకోటుందా?"

లేదు. బట్టీ పక్కనే గోడకి ఆనించి చెక్క అలమర ఉండేది. కలిపిన పిండిని పొంగడానికి అందులో పెట్టేవాళ్ళు. వేళ్ళు పెడితే గోరువెచ్చగా తగిలేది. నాన్న ఒక తొట్టి కడిగి, ఆరబెట్టి, పాత దుప్పట్లు పరిచి, దూది పేర్చి వాణ్ణి అందులో పడుకోబెట్టాడు. కింది అరలో రొట్టెల పిండి, పై అరలో కొడుకు. అమ్మ జ్వరం వాడికి అంటకూడదని నర్సమ్మ వాణ్ణి ఆ గదికి తీసుకెళ్ళనివ్వలేదు. తనే పూటపూటకీ వచ్చి అమ్మ పాలు పిండి తెచ్చి, దూదితో చుక్కచుక్కగా వాడి పెదాల మీద పిండేది.

మర్నాడు పొద్దున కిటికీలోంచి ఎండ అలమర దాకా వచ్చినప్పుడు పెద్దమ్మాయి వాణ్ణి మొదటిసారి సరిగ్గా చూసింది. చూసి గట్టిగా ఊపిరి తీసుకుంది. వాడి ఒళ్ళంతా నూగే. నుదురు మీద, బుగ్గల మీద, భుజాల మీద, చివరికి చెవుల అంచుల మీద కూడా. తేనెరంగులో, పట్టుపోగులకన్నా సన్నగా. వీపు మీద అది ఒక వైపు వాలి, నడుము దగ్గర నీళ్ళు సుడి తిరిగినట్టు తిరిగింది. గదిలో ఎగిరే పిండి ఆ నూగు కొసల మీద వాలి, ఎండ తగిలినచోట మెరుస్తోంది. వేలు ఆనించింది. ఏమీ తగల్లేదు. మళ్ళీ ఆనించింది. ఏదో తగిలిందనిపించింది గానీ అది తన ఊపిరేమో కూడా.

నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "ఇదేం చోద్యమే! మామిడి టెంకకి పీచున్నట్టు ఉన్నాడు."

ఆ మాటే పేరైపోయింది. బతుకుతాడో లేదో తెలియని పిల్లాడికి పేరు పెట్టడానికి ఎవరికీ ధైర్యం లేని రోజుల్లో, పీచన్న ముద్దుపేరు మాత్రం వాణ్ణి అంటిపెట్టుకుంది.

రొట్టెలకి వచ్చినవాళ్ళు డబ్బులిస్తూ మెడలు సాచి లోపలికి చూడడం మొదలుపెట్టారు. రొట్టెలాయన ఇంట్లో కోతిపిల్ల పుట్టిందట అన్న మాట వీధి దాటింది. బళ్ళో పెద్దమ్మాయి పక్కన కూర్చునే పిల్ల మెల్లగా అడిగింది: "మీ తమ్ముడికి తోక కూడా ఉందటగా?"

"ఉంది," అంది పెద్దమ్మాయి మండిపోయి. "నీ జడంత."

వెటకారం అర్థం కాని లోకం. సాయంత్రానికల్లా తోక సంగతి ఊరంతా పాకింది. గొడుగులు బాగుచేసే ఆయన, పాపం మంచివాడే, కొట్టు మెట్టు మీద నిలబడి నాయనమ్మని నసుగుతూ అడిగాడు: "అదీ... ఆపరేషనుతో తీసేయొచ్చంటున్నారమ్మా, నిజమేనా?"

"ముందు నీ నాలుక తీయించుకో," అంది నాయనమ్మ. "తోక మాట తర్వాత చూద్దాం."

తోక అలా అలా నడుచుకుంటూ పక్క ఊరు చేరింది. అక్కడ నాన్న వాళ్ళ అక్క ఉంది. పెద్దమ్మాయికి అత్తయ్య. పిల్లల్లేరు, భర్త పోయాడు, ఇల్లు అద్దంలా పెట్టుకుంటుంది. ఆవిడ వంటగదిలో చీమ కూడా కాళ్ళు తుడుచుకుని వెళ్ళాలని నాన్న నవ్వేవాడు. సంచి పట్టుకుని దిగీ దిగగానే పిల్లాణ్ణి తిరగేసి చూసింది. తోక లేదని తేలాక ఒక నిట్టూర్పు, ఆ నూగు చూశాక ఇంకో నిట్టూర్పు విడిచింది.

"ఇది ఇలాగే వదిలేస్తే ముదురుతుందిరా తమ్ముడూ," అంది. "నిన్ను చూస్తే తెలియట్లా? మొక్కగా ఉన్నప్పుడే పీకెయ్యాలి."

"ముందు వాణ్ణి బతకనీ అక్కా," అన్నాడు నాన్న. "వెంట్రుకల సంగతి వాడే చూసుకుంటాడు, పెద్దయ్యాక."

ఆవిడ అప్పటికి ఊరుకుంది. మూడు రోజులు ఇల్లంతా తోమింది, అమ్మకి జావ కాచి పట్టింది, రాత్రీ పగలూ పిల్లాడి దగ్గర కూర్చుంది. ప్రేమ లేక కాదు. ప్రేమ ఎక్కువైనవాళ్ళకి చేతులు ఊరుకోవు, అంతే.

నాన్న మిల్లుకి పిండి బస్తా తేవడానికి వెళ్ళిన మధ్యాహ్నం, నాయనమ్మ అమ్మ గదిలో ఉంది. పెద్దమ్మాయి అన్నానికని బడి నుంచి వచ్చేసరికి అత్తయ్య అలమరకి దూరంగా, వెలుతురు కోసం కిటికీ పక్కన పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాలు, తువ్వాలు మీద బట్టల్లేకుండా తమ్ముడు. అత్తయ్య చేతిలో నూనె కలిపిన చిన్న పిండి ఉండ. దాన్ని వాడి భుజం మీద పెట్టి గుండ్రంగా రుద్దుతోంది. ఉండకి నూగు అంటుకుని వస్తోంది. రుద్దినచోట చర్మం ఎర్రగా కందిపోయింది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నావు?"

"శుభ్రం చేస్తున్నానే. చూడు, ఎంత బాగా వస్తోందో. ఇంక నీ తమ్ముణ్ణి ఎవరూ ఏమీ అనరు."

"వాడు ఏడవట్లేదు అత్తయ్యా."

"మొదట్లో ఏడ్చాడు. అలవాటుపడ్డాడు."

"కాదు అత్తయ్యా. వాడి పెదాలు చూడు."

పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. అత్తయ్య చేతిలో ఉండ ఆగిపోయింది. పెద్దమ్మాయే తువ్వాలుతో సహా వాణ్ణి లాక్కుని, వీధి వినేలా "నాన్నా!" అని అరిచింది. ఆ అరుపులో తండ్రి గొంతే ఉందని తర్వాత అందరూ అన్నారు.

నాన్న అప్పుడే గుమ్మంలో బస్తా దించుతున్నాడు. బస్తా జారి, పిగిలి, పిండి పొగలా లేచింది. ఆ తెల్లటి పొగలోంచి వచ్చి, గుండీలు విప్పే ఓపిక లేక చొక్కా రెండు చేతులా చింపుకుని, కొడుకుని గుండెకి అదుముకుని బట్టీ ముందు కూర్చున్నాడు. పెద్దమ్మాయి అప్పటికే నర్సమ్మ ఇంటి దారిలో ఉంది.

నర్సమ్మ వచ్చి వాడి అరికాళ్ళ మీద వేలితో తట్టింది. ఒకసారి. మళ్ళీ. మళ్ళీ. వాడు వెక్కిళ్ళు పెట్టినట్టు ఊపిరి అందుకున్నాడు. పెదాల నలుపు మెల్లగా విడిచింది.

"చల్లబడిపోయాడు," అంది నర్సమ్మ. "ఇలాగే ఉంచండి. నేను తీయమనేదాకా తీయొద్దు. గట్టిగా మాట్లాడొద్దు కూడా. మీరు అరిస్తే ఆ గుండె మీద వీడు ఎగిరిపడతాడు."

పైన రెండు దుప్పట్లు కప్పింది. నాన్న ఛాతీ వెంట్రుకల మధ్య వాడి తల ఒక్కటే కనిపిస్తోంది, గడ్డిలో పిట్టపిల్లలా.

అత్తయ్య పెరట్లోకి వెళ్ళిపోయింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతున్న చప్పుడు సాయంత్రం దాకా వినిపించింది.

మర్నాడు పొద్దున వీధిలో రొట్టెలు లేవు. ఆ బేకరీ పుట్టాక అలా జరగడం అదే మొదలు. తొట్టిలో కలిపిన పిండి పొంగి, అంచు దాటి, నేల మీదకి కారుతోంది. జనం వచ్చి తలుపు తట్టారు. నాయనమ్మ తలుపు తీసి, "ఈ రోజు రొట్టెలాయన లేవలేడు. మీకు చూడాలని సరదా కదా, రండి, చూసిపొండి," అంది.

వచ్చారు. గొడుగులాయన, లెక్కల మేష్టారు, వాళ్ళావిడ, ఇంకా నలుగురైదుగురు. బట్టీ ముందు చొక్కా లేని రొట్టెలాయన, నిద్ర లేక కళ్ళు ఎర్రబడి, కొడుకు వీపు మీద చెయ్యి ఆనించి కూర్చుని ఉన్నాడు. మేష్టారు చేతిసంచి పక్కన పెట్టి చొక్కా చేతులు మడిచాడు.

"పిండి ఉందిగా," అన్నాడు. "మరి ఆలస్యమెందుకు?"

ఆ పొద్దున బట్టీ గదిలో జరిగింది వంటో యుద్ధమో చెప్పడం కష్టం. నాన్న గట్టిగా చెప్పకూడదు. చెప్పకుండా ఉండలేడు. అందుకని పెద్దమ్మాయి తండ్రి నోటి దగ్గర చెవి పెట్టి విని, వాళ్ళకి వినిపించేది. నాన్న గుసగుసలాడడం ఆ పిల్ల వినడం అదే మొదలు. మాట మాటకీ ఊపిరి తగిలేది. గొంతులో అంత మెత్తదనం ఎక్కడ దాచుకున్నాడో అనిపించేది.

"మేష్టారూ, స్కేలు పెట్టి కొలవడం ఆపి పిసకమంటున్నాడు నాన్న."

"సమానంగా రావాలి కదమ్మా!"

"రొట్టెకి లెక్కలు రావట మేష్టారూ. పిసకండి."

"గొడుగుల మావయ్యా, బట్టీ తలుపు తీసి చూడొద్దంటున్నాడు."

"మాడిపోతున్నాయేమోనని..."

"నువ్వు చూస్తే మాడకుండా ఆగవట."

కొన్ని గొడుగు గుడ్డలా నల్లగా, కొన్ని ఇటుకల్లా గట్టిగా వచ్చాయి. వీధంతా కొనుక్కుని తిన్నారు. బాగున్నాయని ఒక్కరూ అనలేదు, బాగాలేవని కూడా అనలేదు.

వాళ్ళు పిండి చేతులతో చుట్టూ నిలబడి ఉండగానే నర్సమ్మ వచ్చి దుప్పటి కాస్త తొలగించి చూసింది. తొంగిచూసిన మేష్టారావిడ ఉండబట్టలేక అడిగింది: "ఈ నూగేంటమ్మా అసలు? మా పిల్లలెవరికీ లేదే."

"ఎందుకు లేదు? అందరికీ ఉంటుంది. మీకూ ఉండేది, ఈ మేష్టారికీ ఉండేది," అంది నర్సమ్మ. "అమ్మ కడుపులో ప్రతి బిడ్డకీ వస్తుంది. ఒంటికి రాసుకున్న వెన్నలాంటి పూతని అది జారిపోకుండా పట్టి ఉంచుతుంది. నెలలు నిండేసరికి చాలావరకు అక్కడే రాలిపోతుంది. వీడు ముందొచ్చాడు కాబట్టి చొక్కా విప్పకుండానే వచ్చేశాడు. దానంతట అదే పోతుంది. మీరు చెయ్యాల్సిందల్లా వాడి జోలికి పోకుండా ఉండడమే."

నాయనమ్మ గట్టిగా తలూపింది. "నేను ముందే అనుకున్నా. ఈ బస్తాల వెనక ఎలుకపిల్లలు నున్నగా పుట్టి తర్వాత బొచ్చు తెచ్చుకుంటాయి. వీడు బొచ్చుతో పుట్టి తర్వాత నున్నబడతాడు. ఎవరి పద్ధతి వాళ్ళది." ఆవిడ ముందే అనుకోలేదని అందరికీ తెలుసు. ఆవిడతో ఆ మాట అనేవాళ్ళు లేరు.

జనం వెళ్ళాక నాన్న కూతురి చెవిలో అన్నాడు: "అత్తయ్యని పిలువు."

అత్తయ్య సంచి సర్దుకుని పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. వచ్చి నాన్నకి దూరంగా, గోడ పక్కన నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"చెయ్యి తిమ్మిరెక్కిందక్కా," అన్నాడు నాన్న గుసగుసగా. "కాసేపు నువ్వు పట్టుకో."

"నేనా?"

"నువ్వు కాక ఎవరు? నన్ను ఎత్తుకుని పెంచింది నువ్వే కదా."

"నా చేతికివ్వకురా. నా చేతులు మంచివి కావు."

"చేతులు మంచివే. తొందర ఎక్కువ, అంతే. కూర్చో."

నర్సమ్మ కూడా సరేనంది. అత్తయ్య పీట మీద కూర్చుని, శాలువా లోపల వాణ్ణి గుండెకి ఆనించుకుంది. ఊపిరి పీల్చడానికి కూడా భయపడుతున్నట్టు కూర్చుంది. కాసేపటికి వాడు మూతి కదిలించి ఆవిడ మెడ ఒంపులో ముఖం దాచుకున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. నాలుగు రోజులుండి వెళ్దామని వచ్చిన మనిషి చలికాలమంతా ఉండిపోయింది. పిల్లాణ్ణి మార్చి మార్చి నాన్న, అత్తయ్య, నాయనమ్మ గుండెల మీద పెంచారు. పెద్దమ్మాయికి కూడా వంతు వచ్చేది, బడి నుంచి వచ్చాక.

నూగు దానంతట అదే రాలింది. దుప్పటి మీద, నాన్న ఛాతీ మీద, అత్తయ్య శాలువా మీద సన్నని పోగుల్లా కనిపించేది, ఊదితే ఎగిరిపోయేది. నుదురు ముందు నున్నబడింది. తర్వాత బుగ్గలు. వీపు మీది సుడి చాలా రోజులుంది. చెవుల అంచులది ఆఖరున పోయింది. ఒక పొద్దున ఎండలో చూస్తే చెవులు ఎర్రగా, అద్దంలా ఉన్నాయి. ఇంకేం లేదు. పెద్దమ్మాయి ఆ చెవులు చూసి భోరుమని ఏడ్చింది.

"పోయిందని సంతోషించక ఏడుస్తావేంటే పిచ్చిదానా?" అంది నాయనమ్మ.

ఎందుకో ఆ పిల్ల చెప్పలేకపోయింది. ఇప్పటికీ చెప్పలేదు.

అమ్మ గోడ పట్టుకుని మొదటిసారి బట్టీ గదిలోకి నడిచి వచ్చేసరికి తొట్టిలో ఉన్నది అందరు పిల్లల్లాంటి పిల్లాడే. బుగ్గలొచ్చాయి, మడతలొచ్చాయి, కోపమొచ్చింది. అమ్మ వాణ్ణి తడిమి తడిమి చూసి, "అందరూ పీచు అంటున్నారు, ఏదే పీచు?" అంది. అప్పుడు మొదటిసారి పెద్దమ్మాయి అమ్మకి ఆ కథంతా చెప్పింది.

ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. తమ్ముడికి మీసాలు మొలిచిన ఏడాది చెప్పింది. నాయనమ్మ పోయాక చెప్పింది, అత్తయ్య పోయాక చెప్పింది. నాన్న పోయాక అమ్మ ఇంకా తరచుగా అడిగేది. మంచం మీద ఒత్తిగిలి, "పీచుగాడి సంగతి చెప్పవే," అనేది. రానురాను మొదలు వదిలేసి, "మీ నాన్న చొక్కా చింపుకున్న దగ్గర్నుంచి చెప్పు," అనడం మొదలుపెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం పెద్దమ్మాయి బేకరీ మూసి వచ్చి, అలసిపోయి ఉండి, విసుక్కుంది. "వాడి ఒంటి నూగు చూడలేదని కదమ్మా మొదట్లో అడిగేదానివి. ఇప్పుడు ఆ మాటే ఎత్తనివ్వవేంటి?"

"నూగు నాకు తెలుసే," అంది అమ్మ.

"ఎలా తెలుసు? నువ్వు చూళ్ళేదుగా."

"చూళ్ళేదు. పుట్టగానే నర్సమ్మ వాణ్ణి ఒక్క నిమిషం నా మెడ దగ్గర పెట్టింది. కళ్ళు తెరవలేకపోయాను గానీ ఇక్కడ తగిలింది." అమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "వాడు ఊపిరి తీస్తే అది కదిలేది. అంత జ్వరంలోనూ తెలిసింది. ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది."

పెద్దమ్మాయి మంచం అంచున కూర్చుంది. "మరి ఇన్నేళ్ళుగా నాతో ఎందుకు చెప్పించుకున్నావమ్మా?"

అమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. సిగ్గుపడుతున్న చిన్నపిల్లలా ఉంది.

"మీ నాన్న గొంతు ఎలాంటిదో నీకు తెలుసుగా. పెళ్ళైన రోజు నుంచి పోయేదాకా నాతో మాట్లాడిన ప్రతి మాటా వీధంతా విన్నదే. మంచి మాటైనా, చెడ్డ మాటైనా. ఆ మనిషి గుసగుసలాడాడంటే నేను పక్క గదిలో ఉండి కూడా వినలేకపోయాను. విన్నది నువ్వొక్కదానివే."

పెద్దమ్మాయి కాళ్ళు పైకి ముడుచుకుని అమ్మ పక్కన ఒరిగింది. అమ్మ చెవి దగ్గరికి నోరు తెచ్చి, మేష్టారికి చెప్పిన మాట, గొడుగులాయనకి చెప్పిన మాట, అత్తయ్యతో అన్న మాట, నాన్న ఎలా అన్నాడో అలా గొంతు తగ్గించి ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.

అమ్మ కళ్ళు మూసుకుని వింటూ, మధ్యలో ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంకా మెల్లగా చెప్పవే," అంది. "గుండె మీద పిల్లాడున్నాడు కదా. అంత గట్టిగా అని ఉండడు."